గ్రూసమ్ నొక్కని అక్క

నిన్న కొత్త బ్యాచ్‌లో ఒక పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, గ్రూసమ్ అంటే ఏంది?"

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. జవాబు నాకు కంఠతా వచ్చు. "చూడగానే మామూలు మనిషికి ఒళ్లు గగుర్పొడిచేది, కడుపులో తిప్పేది. రక్తం, తెగిన అవయవం, ఛిద్రమైన శవం. ఇవి కనబడితే గ్రూసమ్ నొక్కాలి," అన్నాను. పిల్ల బుద్ధిగా రాసుకుంది. వెనక కూర్చున్న ఇంకో పిల్ల "మా తమ్ముడు మ్యాథ్స్ పేపర్ని గూడ గ్రూసమ్ అంటడు మేడమ్," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే అక్క గుర్తొచ్చింది. ఇదే గదిలో, ఇదే మాట మీద, మా ట్రైనింగుని ఒక పూటంతా ఆపేసిన మనిషి.

మా ఆఫీసు కొత్తపేటలో చీరల షాపు పైన, మూడో అంతస్తు. ఇటు చూస్తే దిల్‌సుఖ్‌నగర్, అటు చూస్తే ఎల్బీనగర్ అంటారు గానీ ఎటూ చూడడానికి లేదు. కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించేశారు. మెట్రో రైలు పోయినప్పుడల్లా బల్ల మీద నీళ్ల సీసా వణుకుతుంది, దాన్ని బట్టే బయట లోకం నడుస్తోందని తెలుస్తుంది. లోపలికి రాగానే ఫోన్లు లాకర్లో పెట్టాలి. తలుపు వేలిముద్రతో తెరుచుకుంటుంది, అదీ విరామం వేళల్లోనే. మధ్యలో వేలు పెడితే ఎర్రలైటు వెలిగి కుయ్యిమంటుంది. అంతే, పోయి కూర్చోవాలి.

పనేమిటంటే, జనం ఇంటర్నెట్లో పెట్టే వీడియోల్లో చావులూ దెబ్బలూ ఉన్నవి మా దగ్గరికి వస్తాయి. ఒక్కోదాన్నీ చూసి మూడు బటన్లలో ఒకటి నొక్కాలి. ఒకటి, ఉండనివ్వడం. రెండోది గ్రూసమ్. అది నొక్కితే వీడియో మీద నల్ల తెర పడుతుంది, తెర మీద ఆ మాట ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో వస్తుంది, కింద 'అయినా చూస్తారా' అని ఇంకో బటన్ ఉంటుంది. మూడోది తీసెయ్యడం. అది అన్నిటికీ నొక్కడానికి లేదు. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు ఫిర్యాదు చేసి ఉంటేనే నొక్కాలి.

చేరేటప్పుడే రెండేళ్ల బాండు రాయించుకున్నారు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ అన్నీ తీసుకుని టీమ్ లీడర్ గదిలోని ఇనప బీరువాలో పెట్టారు. నెలనెలా మా పని తనిఖీ చేస్తారు. తప్పులు హద్దు దాటితే ఆ నెల బాండు లెక్కలో పడదు, ఇంకో నెల అదనంగా చెయ్యాలి. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పకూడదని కూడా సంతకం పెట్టించుకున్నారు. మా అమ్మకి ఇప్పటికీ నాది 'కంప్యూటర్ జాబు'.

అక్క నా పక్క కుర్చీ. నలభై దాటిన మనిషి. పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఇంతకు మించి ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు, అడిగినా చెప్పేది కాదు. "నా కథేముంది బిడ్డా, టీవీల ఒస్తదా?" అని కొట్టిపారేసేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఏసీ చలికి ఎప్పుడూ గోధుమరంగు శాలువా కప్పుకునేది. కుర్చీలో కూర్చోబోయే ముందు చెప్పులు విప్పి బల్ల కిందికి నెట్టేది. ఎందుకక్కా అంటే, "గింతమంది సచ్చిపోయినోల్ల ముంగట చెప్పులేసుకొని కూసుంటరా?" అంది. నా కాళ్లకి బూట్లున్నాయి. ఏం చెయ్యాలో తెలియక కుర్చీ కింద కాళ్లు ముడుచుకున్నాను.

చేరిన మొదటి రోజు మూడో వీడియోకే నాకు వాంతొచ్చింది. బయటికి పోదామంటే ఎర్రలైటు తలుపు గుర్తుకొచ్చి ఏడుపొచ్చింది. అక్క గబుక్కున తన టిఫిన్ సంచీ ఖాళీ చేసి నా మూతి దగ్గర పట్టింది. వీపు రాస్తూ, "ముఖం ఎందుకు జూసినవ్ పిల్లా? ముందుగాల కాళ్ళు జూడు," అంది.

"కాళ్లేంటక్కా?"

"కాళ్ళు ఎవ్వల్నీ భయపెట్టయ్."

నిజమే. ఆవిడ చూపించాక నాకూ అలవాటైంది. ఒకరి కాలికి కొత్త మెట్టెలుండేవి. ఒకరి మడమలు బీటలు వారి ఉండేవి. ఒక చెప్పు ఉండి ఒకటి లేని కాళ్లు చాలా ఉండేవి. అక్క ఒక్కో జత కాళ్లనీ చూసి, "ఎవల బిడ్డనో పాపం," అనేది. అన్నాకనే చెయ్యి మౌస్ మీదికి పోయేది. ఒక్కరినీ వదిలేది కాదు. మేం పది చూసేలోపు ఆవిడ నాలుగు చూసేది. "ఆంటీ, జర స్పీడ్ పెంచుండ్రి, పైనుంచి నాకు తిట్లు పడుతున్నయ్," అని టీమ్ లీడర్ వెనక నిలబడి బతిమాలేవాడు. పాతికేళ్లవాడు, ఎప్పుడూ తెల్లచొక్కా. పాపం, అతని సర్టిఫికెట్లూ అదే బీరువాలో ఉన్నాయని తర్వాత తెలిసింది. "పెంచుత సారూ, పెంచుత," అనేది అక్క. పెంచేది కాదు.

షిఫ్టు అయ్యాక కింద వాచ్‌మన్ కుళాయి దగ్గర ఆగి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మోకాళ్ల దాకా కాళ్లు కడుక్కునేది. పుక్కిలించేది. కాసిని నీళ్లు నెత్తిన చల్లుకునేది. చావింటికి వెళ్లొచ్చినవాళ్లు గడప తొక్కే ముందు చేసే పని అది. చావింటికి ఎప్పుడో ఒకసారి వెళ్తారు, మేం రోజూ వెళ్లొస్తున్నాం. ఎవరికీ తట్టని ఈ సంగతి ఆవిడకి తట్టింది. మొదట్లో నేను పక్కన నిలబడి బస్సు పోతుందని విసుక్కునేదాన్ని. వారం తిరక్కుండా నేనూ కడుక్కున్నాను. చెబితే నమ్మరు గానీ ఆ రాత్రి అన్నం సహించింది. తర్వాత ఫ్లోర్‌లో ఆడపిల్లలందరం వరసకట్టాం. మలక్‌పేట నుంచి వచ్చే ముస్లిం పిల్ల కూడా వచ్చి, మా ఇంట్లోనూ కబ్రస్తాన్ నుంచి వస్తే ఇట్లనే చేస్తరు అని చేతులూ కాళ్లూ కడుక్కుంది. వాచ్‌మన్ గొణిగాడు. చీరల షాపు ఓనరు పైకి ఫిర్యాదు పంపాడు, రోజూ సాయంత్రం ఇంతమంది ఆడవాళ్లు గుమ్మం ముందు మైల కడుక్కుంటే గిరాకీ ఏం వస్తుందని. మర్నాటికల్లా కుళాయికి తాళం పడింది.  అక్క ఇంటి నుంచి రెండు లీటర్ల నీళ్ల సీసా తేవడం మొదలుపెట్టింది.

ఇక ఆ మాట సంగతి. తప్పులు ఎక్కువయ్యాయని అక్కనీ మా కొత్త బ్యాచ్ ట్రైనింగులో మళ్లీ కూర్చోబెట్టారు. అందులో టీమ్ లీడర్ గ్రూసమ్ అని బోర్డు మీద రాసి అర్థం చెప్పాడు, నేను నిన్న చెప్పిందే. అక్క లేచి నిలబడింది.

"సారూ, గీ మాట ఎవలికి తగిలియ్యాలె?"

"వీడియోకి ఆంటీ."

"వీడియోల ముగ్గురుంటరు గద. సచ్చిపోయినోడు, సంపినోడు, ఫోను పట్టుకొని తీసినోడు. ముగ్గుర్ల గ్రూసమ్ ఎవలు?"

అతను బుక్‌లెట్ తిరగేశాడు. అందులో లేదు.

"మన దిక్కు ఘోరం అంటం సారూ. ఘోరం జరిగింది అంటం. జరిగినదాన్ని అంటం గానీ పోయినోన్ని అనం. మా తాత పోయినప్పుడు మూడొద్దులైనంక దొరికిండు, బాయి నీళ్లల్ల. ఎట్లుంటడో మీరే అనుకోండ్రి. మా నాయిన గా ముఖాన్ని రెండు చేతుల్ల పట్టుకొని ముద్దు పెట్టుకున్నడు. మీ పుస్తకం ప్రకారం మా తాత గ్రూసమేనా?"

 టీమ్ లీడర్ చెవులు ఎర్రబడ్డాయి. "అది ఇంగ్లీష్ మాట ఆంటీ, అంత డీప్‌గా పోవద్దు. కనబడితే నొక్కుడే," అన్నాడు.

"కనబడితే నొక్కుతే గా మాట పోయినోని ముఖం మీద పడుతది గద సారూ. తీసినోని మీద పడదాయె. పైకెల్లి పరదా కట్టి, చూస్తరా చూస్తరా అని పిలుసుడు. నుమాయిష్‌ల, గదే ఎగ్జిబిషన్‌ల, డేరా కట్టినట్టు."

నాకు ఆ రోజు ఆవిడ మీద చిరాకేసింది. లంచ్ టైము మింగేసిందని. ఇంటికెళ్లి డిక్షనరీ తీస్తే భయానకము, జుగుప్సాకరము, బీభత్సము అని వరసగా ఉన్నాయి. ఒక్కటీ మనుషులు మాట్లాడుకునే మాట కాదు. అక్క చెప్పిన ఘోరమే సరిగ్గా అతికింది. ఘోరం జరిగిందంటే చాలు, నోటి మీద చెయ్యి దానంతట అదే పోతుంది. కానీ ఘోరం అనే బటన్ మాకు లేదు.

అందుకని అక్క శవం కనిపించిన ప్రతిసారీ మూడో బటనే నొక్కేది, తీసెయ్యమని. ఇంటివాళ్ల ఫిర్యాదు ఏదీ అని తనిఖీవాళ్లు అడిగేవారు. "ఇంటోల్లు శవం కాడ కూసొని ఏడుస్తుంటరు. ఇంటర్నెట్ల ఫిర్యాదు ఎప్పుడు పెడుతరు సారూ?" అనేది. తప్పు పడేది. నెల పోయేది. నాకేమో అక్కర్లేని చోట నొక్కి తప్పులు పడేవి. బోనాల వీడియోలో అమ్మవారి ముందు బలిచ్చిన మేకపోతుని చూసి గ్రూసమ్ నొక్కబోతే నా మణికట్టు పట్టుకుంది. "గది మొక్కు బిడ్డా. ఆదివారం మటన్ షాపుల లైన్ల నిలబడవా నువ్వు?" అంది. నవ్వాపుకోలేకపోయాను.

ఆవిడ తర్వాత చేరినవాళ్లు బాండు తీర్చుకుని, సర్టిఫికెట్లు గుండెకి హత్తుకుని మెట్లు దిగిపోయారు. అక్క మూడున్నరేళ్ల నుంచి రెండేళ్ల బాండు చేస్తూనే ఉంది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. "నీ ఒక్కదానితో లోకం మారుతుందా అక్కా? బటనే కదా, నొక్కి పారెయ్యి!" అని అరిచాను ఒకసారి. "నొక్కొస్తలేదు బిడ్డా," అంది. మొండితనంగా కాదు, చెయ్యి నొప్పిగా ఉందని చెప్పినట్టు అంది. అంతకంటే కోపం వచ్చింది నాకు.

అప్పుడే ఆవిడకి ఇంకో ఉద్యోగం దొరికింది. ఇబ్రహీంపట్నం వైపు ఆడపిల్లల హాస్టల్లో, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని. పిల్లల తలలు దువ్వాలి, జ్వరమొస్తే దవాఖానకి తీసుకెళ్లాలి. ఆ సంగతి చెబుతుంటే అక్క ముఖం చూడాలి! "బతికున్న పిల్లలు బిడ్డా! అల్లరి చేస్తరు, ఒర్రుతరు!" అంది. ఎంపికైంది గానీ, వచ్చే నెల మొదటి వారంలోగా ఒరిజినల్స్ చూపించకపోతే పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒరిజినల్స్ బీరువాలో ఉన్నాయి. లెక్క చూస్తే ఆవిడకి బాండులో మిగిలింది సరిగ్గా ఒక్క నెల. ఈ నెల తప్పుల్లేకుండా గడిస్తే తాళం తెరుచుకుంటుంది.

"ఈ ఒక్క నెల అక్కా, నా మీద ఒట్టు," అని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ తల ఊపింది.

నొక్కింది. నెలంతా నొక్కింది. కాళ్లు చూడ్డం మానేసింది. ఎవల బిడ్డనో అనడం మానేసింది. చెప్పులు వేసుకునే కూర్చునేది. తెచ్చుకున్న అన్నం మూత తీసి, మళ్లీ పెట్టేసేది. పక్కన కూర్చున్న నాకు ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైపోయింది. ఇంకోసారి నా మణికట్టు పట్టుకుంటే బాగుణ్ణనిపించింది. టీమ్ లీడర్ మాత్రం సంబరపడిపోయాడు. "ఆంటీ మారిపోయింది!" అని అందరికీ చెప్పుకున్నాడు. అయినా టైము దాటి పడిన తప్పులతో చివరి వారానికి ఆవిడ ఖాతాలో ఇంకొక్క తప్పుకే చోటు మిగిలింది. చివరి రోజు పొద్దున ఆ ఒక్కటీ పడిపోయింది, ఏదో పొరపాటున. ఇక ఒక్కటి పడినా నెల పోయినట్టే.

మధ్యాహ్నం మూడింటికి ఆ వీడియో వచ్చింది. నా తెర మీద కాదు, అక్క తెర మీద. కానీ శబ్దం నాకు వినబడింది, ఆవిడ హెడ్‌ఫోన్ ఊడదీసి బల్ల మీద పడేసింది కనుక. "అరె, దగ్గరికి పో, మంచిగ రావాలె," అని ఒకడు. వెనక ఇంకొకడి నవ్వు. ఎల్బీనగర్ చౌరస్తా అని చూడగానే తెలిసింది. డివైడర్ పక్కన ఒకావిడ పడి ఉంది. చీర తొడల పైదాకా లేచిపోయింది. చుట్టూ అన్నీ ఫోన్లే. ఒక్కడూ వంగి ఆ చీర కిందికి లాగడం లేదు.

"గా చీర మా దిక్కుది," అంది అక్క. "గా అంచు మా వాడకట్టుల నేస్తరు."

ఆవిడకి తెలిసినావిడా అని అడగబోయాను. అక్క శాలువా తీసింది. తెర మొత్తం మూసుకుపోయేలా, పైనుంచి కిందికి నెమ్మదిగా కప్పింది. అంచులు సర్దింది. సర్దేసి లేచి, బాత్‌రూమ్ వైపు వెళ్లిపోయింది.

వీడియోకి రెండు నిమిషాలే టైము. నొక్కకపోయినా తప్పే. తీసెయ్యమని నొక్కినా తప్పే. శాలువా వెనక నుంచి ఆ నవ్వు మళ్లీ మళ్లీ వినబడుతోంది. బాత్‌రూమ్ తలుపు తెరుచుకోలేదు. హాస్టల్లో అరిచే పిల్లలు, బీరువా, మూడున్నరేళ్లు. అటూ ఇటూ చూశాను. శాలువా అంచు ఎత్తాను. బటన్ వెతకాలంటే చూడక తప్పదు కదా, చూశాను. నొక్కాను. డివైడర్ పక్కన ఉన్నావిడ ముఖం మీద ఆ మాట పడింది.

సాయంత్రం కాకుండానే లెక్క తేలింది. నెల పాసైంది. టీమ్ లీడర్ బీరువా తెరిచి కవరు ఇచ్చి, "ఆల్ ది బెస్ట్ ఆంటీ," అన్నాడు. అక్క కవరు తెరిచి చూడను కూడా లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వే నొక్కినవా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ తల ఊపాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా కొడుతుందనుకున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది.

"నా కోసం నొక్కినవ్. నేను బయట పడ్డ. నీ రుణం ఉంచుకోను బిడ్డా, ఎప్పటికి మర్వ," అంది. "గానీ ఒక్కటే భయం. మొదటిది నొక్కేదాంకనే చెయ్యి ఆగుతది. రేపటి సంది దానంతటదే నొక్కుతది."

"అట్లా ఏం కాదులే అక్కా, వెళ్లు. బస్సు పోతుంది," అన్నాను. తొందరగా వెళ్లిపోతే బాగుణ్ణనిపించింది. ఆవిడ వేలు పెట్టింది, ఈసారి ఎర్రలైటు వెలగలేదు, తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

నేను వచ్చి కూర్చున్నాను. షిఫ్టు ఇంకా గంటన్నర ఉంది. ఒక వీడియో వచ్చింది, నొక్కాను. ఇంకోటి వచ్చింది, నొక్కాను. రేపటి దాకా ఆగాల్సిన పని కూడా పడలేదు. లేచేటప్పుడు గుర్తు తెచ్చుకుందామని చూస్తే, వాటిల్లో ఎవరెవరున్నారో ఒక్కరూ గుర్తు రాలేదు. ఆడవాళ్లో మగవాళ్లో కూడా తెలియలేదు.

టీమ్ లీడర్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏం స్పీడ్ మేడమ్! ఇయ్యాల ఫ్లోర్ మొత్తంల మీరే ఫస్టు," అన్నాడు.

నేను థాంక్స్ చెప్పాను.